ఏ వయసుకు ఏ గురువు?

మగ్రిబ్ నమాజు ముగిసి ఇంట్లో దీపాలు వెలిగే వేళ. నాలుగేళ్ళ చిన్నారి చాప మీద పడుకొని సెల్‌ఫోనులో రంగుల బొమ్మలు పలికే అక్షరాలు వింటూ ఉంటుంది. ఐదో తరగతి పిల్లవాడు పక్క వీధిలోని ట్యూషనుకు వెళ్ళి ఇంకా రాలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక లెక్కను ఫొటో తీసి యాప్‌కు చూపిస్తుంది. అది ఇచ్చిన జవాబును నోటుబుక్కులోకి ఎక్కించుకొని, పని పూర్తయిందనుకొని పుస్తకం మూసేస్తుంది. వంటింట్లో ఉన్న తల్లి, బడి నుంచి వచ్చిన వాట్సాప్ సందేశాన్ని చదివి చెప్పేవారి కోసం ఎదురుచూస్తుంది. ఒకే కప్పు కింద నలుగురు అభ్యాసకులు, నాలుగు రకాల అవసరాలు.

ఈ దృశ్యం ఏ ఒక్క ఇంటిదో కాదు. కర్నూలులోనైనా, గుంటూరులోనైనా, నిజామాబాదులోనైనా మన ఇళ్ళల్లో సాయంత్రాలు ఇలాగే గడుస్తున్నాయి. అందుకే తల్లిదండ్రుల నోట ఒక ప్రశ్న తరచుగా వినవస్తోంది: ట్యూషను ఫీజు కట్టాలా, యాప్ కొనాలా? వాయిదాల మీద చదువుల యాప్ కొని, రెండు నెలలకే పిల్లవాడు దాన్ని తెరవడం మానేసినా వాయిదాలు మాత్రం కడుతూనే ఉన్న కుటుంబాలను మేము చూశాము. నలభై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి, బడిలో చెప్పినదాన్నే మళ్ళీ వల్లె వేయించే ట్యూషన్లకు నెలనెలా డబ్బు కట్టేవారినీ చూశాము. రెండు చోట్లా ఖర్చయ్యేది కష్టార్జితమే. అంతకన్నా విలువైనది, పోతే తిరిగి రానిది పిల్లల వయసు.

ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. అయితే గత అరవై ఏళ్ళలో ప్రపంచంలో పలుచోట్ల, మన దేశంలోనూ జరిగిన ప్రయత్నాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. యంత్రం అలసట లేకుండా సాధన చేయించగలదు. నేర్చుకోవాలన్న కోరికను నిలబెట్టేది మాత్రం మనిషే. ఈ రెండింటిలో ఏది ఎంత ఉండాలన్నది అభ్యాసకుని వయసును బట్టి మారుతుంది.

ఎదురుగా కూర్చునే గురువు

1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యావేత్త ఒక వ్యాసం ప్రకటించారు. మామూలు తరగతిలో చదివిన పిల్లలనూ, ఒక్కొక్కరికి ఒక బోధకుడు చొప్పున నేర్పిన పిల్లలనూ ఆయన బృందం పోల్చి చూసింది. విడిగా బోధన పొందినవారిలో సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని నూటికి 98 మందిని మించిపోయాడని వారి ఫలితాలు చెప్పాయి. తర్వాతి పరిశోధనల్లో ఇంత పెద్ద తేడా కనిపించలేదు గానీ, పక్కన కూర్చొని చెప్పే బోధనకు గట్టి ఫలితం ఉందన్న మాట మాత్రం నిలబడింది. ప్రతి బిడ్డకూ ఒక గురువును నియమించే స్తోమత ఏ సమాజానికీ లేదు కాబట్టి, అంతటి ఫలితాన్ని మరో మార్గంలో ఎలా సాధించాలన్నది బ్లూమ్ లోకం ముందు ఉంచిన సమస్య.

మన మక్తబులకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఖుర్ఆన్ పారాయణం నేర్చే పిల్లవాడు ఒక్కడే ఉస్తాద్ ఎదుట కూర్చొని తన పాఠాన్ని వినిపిస్తాడు. ఉచ్చారణలో దొర్లిన దోషాన్ని ఉస్తాద్ అక్కడికక్కడే సరిదిద్దుతారు. ఒక పాఠం సరిగా వచ్చేదాకా తర్వాతి పాఠం ఇవ్వరు. దైవప్రవక్త (సఅసం) ప్రతి రమజాన్‌లో జిబ్రీల్ (అలైహిస్సలాం)తో కలిసి ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారన్న విషయం మన పాఠకులకు తెలిసినదే. నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి సాగిన ఈ పరంపరే నేటికీ హాఫిజులను తయారుచేస్తోంది.

హిఫ్జ్ చదివే విద్యార్థి దినచర్యను గమనించండి. ఆనాటి కొత్త పాఠం సబఖ్. ఇటీవల నేర్చినదాన్ని మళ్ళీ అప్పజెప్పడం సబఖ్ పారా. ఎప్పుడో కంఠస్థం చేసిన భాగాలను వంతులవారీగా తిరగేయడం ఆముఖ్తా. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకొని, నేర్చినది ఎంత త్వరగా మరుగున పడుతుందో, విరామాలిచ్చి తిరగేస్తే ఎలా నిలుస్తుందో లెక్కగట్టారు. నేడు భాషలు నేర్పే యాప్‌లు ‘ఈ పదం మళ్ళీ చూసే సమయమైంది’ అని గుర్తుచేస్తున్నాయంటే, వాటి వెనుక ఉన్న సూత్రం ఇదే. మన హాఫిజ్ సాహెబులు ఏ యంత్రమూ లేకుండానే దీన్ని ఆచరణలో ఉంచారు.

యంత్రం గురువైన విధం

బ్లూమ్ తన సమస్యను చెప్పడానికి ముందే కంప్యూటరుతో పాఠాలు చెప్పించే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ ‘ప్లేటో’ అనే బోధన యంత్రాన్ని రూపొందించారు. 1970లో హైమే కార్బొనెల్ రూపొందించిన ‘స్కాలర్’ అనే ప్రోగ్రాము, దక్షిణ అమెరికా భూగోళం గురించి విద్యార్థిని ప్రశ్నలడిగేది, విద్యార్థి అడిగిన ప్రశ్నలకు జవాబులూ చెప్పేది. ఆ తర్వాత పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బీజగణితం నేర్పే ప్రోగ్రామును ఉన్నత పాఠశాలల్లోకి తీసుకువెళ్ళారు. విద్యార్థి లెక్కలో వేసే ప్రతి అడుగునూ గమనించి, దారి తప్పిన చోటనే సూచన ఇవ్వడం దాని ప్రత్యేకత.

ఈ ప్రత్యేకత ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూద్దాం. సగానికి మూడో వంతు కలపమంటే ఒక పిల్లవాడు ‘అయిదింట రెండు వంతులు’ అని రాశాడనుకోండి. ‘తప్పు, మళ్ళీ ప్రయత్నించు’ అని చెప్పే యంత్రం వల్ల వాడికి తెలిసేదేమీ లేదు. పైనున్న అంకెలను పైవాటితోనూ, కిందనున్నవాటిని కిందివాటితోనూ కలిపేశాడని కనిపెట్టి, ఆ రెండు ముక్కలూ ఒకే పరిమాణంలో ఉన్నాయా అని ప్రశ్నించగలిగితేనే అది బోధన. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన కర్ట్ వాన్‌లెన్ 2011లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సమీక్షించి, బోధన ప్రభావాన్ని ఒకే కొలబద్ద మీద చూపారు. మనిషి పక్కన కూర్చొని చెప్పే బోధన 0.79 దగ్గర నిలిచింది. ప్రతి అడుగునూ పరిశీలించే కంప్యూటర్ బోధన 0.76తో దాదాపు దాని సరసకు వచ్చింది. చివరి జవాబు తప్పో ఒప్పో మాత్రమే చెప్పే ప్రోగ్రాములు 0.31 దగ్గరే ఆగిపోయాయి.

కాబట్టి కంప్యూటర్ బోధన అనే పేరు ఒక్కటే అయినా వస్తువు ఒక్కటి కాదు. మన చేతిలోని యాప్ వీటిలో ఏ కోవకు చెందిందో చూసుకోవడం కొనేవారి బాధ్యత.

ఒడిలో నేర్చే వయసు

ఇక వయసులవారీగా చూద్దాం. పసిపిల్లల విషయంలో శాస్త్రం చెప్పేది నిస్సందేహంగా ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన ప్రయోగంలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని తొమ్మిది నెలల శిశువులకు చైనా భాష వినిపించారు. కొందరి ముందు ఆ భాష మాట్లాడే మనిషి కూర్చొని బొమ్మలతో ఆడిస్తూ, పుస్తకాలు చదివి వినిపించారు. మరికొందరికి అదే మనిషిని తెర మీద చూపారు. ఇంకొందరికి గొంతు మాత్రమే వినిపించారు. పన్నెండు విడతల తర్వాత పరీక్షిస్తే, మనిషి ఎదుట కూర్చున్న శిశువులు ఆ భాష ధ్వనుల తేడాను గుర్తించగలిగారు. తెరను చూసినవారూ, గొంతు విన్నవారూ ఏమీ నేర్వలేదు. మాటలు అవే, మనిషీ అదే, లేనిది సాంగత్యం ఒక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు కూడా ఈ దిశలోనే ఉన్నాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించకూడదని, అంతకన్నా తగ్గిస్తే ఇంకా మంచిదని ఆ సంస్థ పేర్కొంది. అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చే అలవాటును మనం ఈ వెలుగులో పునరాలోచించుకోవాలి.

అయితే ఇక్కడొక ఊరట కూడా ఉంది. రెండేళ్ళు దాటిన పిల్లలపై జరిపి 2014లో ప్రకటించిన మరో అధ్యయనంలో, రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్వలేని పిల్లలు, వీడియో కాల్‌లో అవతలి మనిషి తమను చూసి, తాము చేసినదానికి స్పందిస్తూ మాట్లాడినప్పుడు నేర్చుకోగలిగారు. గల్ఫ్ దేశాల్లో పనిచేసే తండ్రులున్న ఇళ్ళు మన తెలుగు నేలపై ఎన్నో. జుమా రోజున ఫోనులో కనిపించే అబ్బా, బిడ్డ చూపిన బొమ్మను చూసి ‘ఇది ఏ రంగు, బేటా?’ అని అడిగి, జవాబు కోసం ఆగితే అది కూడా పాఠమే. తెర ఉన్నా దాని వెనుక ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి బిడ్డ మాట వింటున్నాడు.

బడిలో తొలి మెట్లు

ప్రాథమిక తరగతుల పిల్లలకు మన దేశంలోనే మంచి ఉదాహరణలున్నాయి. 2001 ప్రాంతంలో ‘ప్రథమ్’ సంస్థ ముంబయి, వడోదర నగరాల మునిసిపల్ బడుల్లో ‘బాల్‌సఖి’ అనే కార్యక్రమం నడిపింది. ఆ బస్తీలోనే పుట్టి పెరిగి, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసిన యువతి ఒకరు, తరగతిలో వెనుకబడిన పదిహేను ఇరవై మందిని రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకువెళ్ళి, చదవడం, లెక్కించడం మొదటి నుంచి నేర్పేది. ఆమెకు ఉపాధ్యాయ శిక్షణ డిగ్రీ లేదు, పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచి మొదలుపెట్టే ఓర్పు ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ఈ కార్యక్రమాన్ని అధ్యయనం చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందరికన్నా వెనుకబడిన పిల్లలే అందరికన్నా ఎక్కువగా లాభపడ్డారు.

వడోదరలో అదే సమయంలో నాలుగో తరగతి పిల్లలకు కంప్యూటరులో లెక్కల ఆటలు ఆడించారు. వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటరుకు ఇద్దరు పిల్లలు. గణితంలో వచ్చిన మెరుగుదల బాల్‌సఖి కన్నా ఎక్కువే. కానీ కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. సాధన ఆగితే ఫలితమూ ఆగుతుందన్నమాట.

గుజరాత్‌లోనే ‘జ్ఞాన్‌శాల’ బడుల్లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం ప్రతి తల్లిదండ్రీ గుర్తుంచుకోదగినది. ఒకే కంప్యూటర్ కార్యక్రమాన్ని రెండు విధాలుగా నడిపారు. కొన్ని బడుల్లో ఉపాధ్యాయిని పాఠం చెప్పే గంటను తీసేసి, ఆ గంటను కంప్యూటరుకు ఇచ్చారు. మరికొన్నింటిలో బడి ముగిశాక అదనంగా ఒక గంట ఇచ్చారు. మొదటి పద్ధతిలో పిల్లలు వెనుకబడ్డారు. రెండో పద్ధతిలో, ముఖ్యంగా బలహీనమైన విద్యార్థులు, ముందుకు సాగారు. మంచి గురువు సమయాన్ని హరించిన యంత్రం నష్టం చేసింది. గురువు పనికి తోడుగా వచ్చిన అదే యంత్రం మేలు చేసింది.

ఖరీదైన పరికరాలు లేని ఇళ్ళకు ఆఫ్రికాలోని బోట్స్‌వానా అనుభవం ధైర్యమిస్తుంది. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు అక్కడ సుమారు నాలుగున్నర వేల కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి మామూలు ఫోనుకు లెక్కల సందేశాలు మాత్రమే పంపారు. మరికొందరికి సందేశాలతో పాటు వారానికొకసారి ఇరవై నిమిషాల లోపు ఫోను చేసి, తల్లినీ బిడ్డనూ కలిపి ఆ లెక్కను చేయించారు. సందేశాలు మాత్రమే అందుకున్న ఇళ్ళల్లో పెద్దగా మార్పు రాలేదు. మనిషి గొంతు వినిపించిన ఇళ్ళల్లో పిల్లలు నేర్చుకున్నారు.

తప్పటడుగుల ఈడు, తొందరపాటు ఈడు

ఉన్నత తరగతులకు వచ్చేసరికి యంత్రానికి అసలైన పని దొరుకుతుంది. ఎందుకంటే ఈ వయసులో ఒకే తరగతి గదిలో పిల్లల మధ్య దూరం బాగా పెరిగిపోతుంది. ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే ప్రోగ్రాము మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసి 2019లో ప్రకటించిన అధ్యయనం దీన్ని చక్కగా చూపింది. ఆరో తరగతి పిల్లలు గణితంలో తమ తరగతి కన్నా సగటున రెండున్నర తరగతులు వెనుక ఉన్నారు. ఉపాధ్యాయుడు ఆరో తరగతి పాఠ్యపుస్తకం చెబుతున్నాడు, పిల్లవాడు మూడో తరగతి దగ్గర నిలిచి ఉన్నాడు. తరగతిలో అట్టడుగున ఉన్న పిల్లలకు ఏడాది పొడవునా బడికి వెళ్ళినా కొలవదగిన ప్రగతి కనిపించలేదు.

ఆ అధ్యయనంలో లాటరీ ద్వారా ఎంపికైన పిల్లలు బడి తర్వాత కేంద్రానికి వెళ్ళారు. నలభై ఐదు నిమిషాలు కంప్యూటరు ముందు తమ స్థాయికి తగిన ప్రశ్నలు చేశారు. మరో నలభై ఐదు నిమిషాలు చిన్న బృందంగా ఒక బోధకుని వద్ద కూర్చున్నారు. నాలుగున్నర నెలల్లోనే వారి ప్రగతి, లాటరీలో అవకాశం రాని పిల్లల ప్రగతితో పోలిస్తే గణితంలో రెట్టింపుకు పైగా నమోదైంది. హిందీలోనూ మంచి మెరుగుదల కనిపించింది. వెనుకబడినవారు కూడా ముందున్నవారితో సమానంగా లాభపడ్డారు. యంత్రానికి సిగ్గుపరచడం తెలియదు. తొమ్మిదో తరగతి అమ్మాయికి నాలుగో తరగతి భాగహారం ఇచ్చినా, ఆ సంగతి పక్కవారికి తెలియదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో కొన్నింట ట్యాబ్లెట్ల మీద ఇలా స్థాయిని బట్టి ప్రశ్నలిచ్చే పద్ధతి కొన్నేళ్ళుగా నడుస్తోంది. మీ బిడ్డ బడిలో అది ఉందో లేదో ఒకసారి కనుక్కోండి.

మన పిల్లలకు మరో చిక్కు కూడా ఉంది. చాలా ఇళ్ళల్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. లెక్క రాక ఆగిపోయాడో, ప్రశ్నలోని ఇంగ్లీషు అర్థంకాక ఆగిపోయాడో యంత్రానికి తెలియకపోవచ్చు. ఇంటి భాష తెలిసిన బోధకుడు ఒక రొట్టెను నాలుగు ముక్కలు చేసి, ‘ఇందులో మూడు తీసుకో, ఇప్పుడు చెప్పు’ అన్నాడంటే భిన్నం క్షణంలో అర్థమవుతుంది. ట్యూషను మాస్టారును ఎంచుకునేటప్పుడు ఆయన డిగ్రీలతో పాటు ఈ సంగతినీ చూడాలి.

ఇక నేటి కృత్రిమ మేధ విషయం. ప్రశ్న అడిగితే చాలు, జవాబు మొత్తం రాసిచ్చే సాధనాలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. టర్కీలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇక్కడ కళ్ళు తెరిపిస్తుంది. అడిగిందల్లా చెప్పే సాధనం ఉన్న విద్యార్థులు సాధన సమయంలో మిగతావారి కన్నా 48 శాతం మెరుగ్గా లెక్కలు చేశారు. తర్వాత ఆ సాధనాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని ఎన్నడూ వాడని విద్యార్థుల కన్నా 17 శాతం తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా, ఉపాధ్యాయులు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే మరో సాధనాన్ని వాడినవారికి ఆ నష్టం దాదాపు కలగలేదు. నష్టం తప్పింది గానీ, పరీక్షలో అదనపు లాభమూ రాలేదు.

ఫొటో తీసి జవాబు రాసుకుంటున్న ఆ తొమ్మిదో తరగతి అమ్మాయిని మరోసారి గుర్తుచేసుకుందాం. ఆమె నోటుబుక్కు నిండుగా ఉంది, ప్రతి జవాబూ సరిగ్గానే ఉంది. పదో తరగతి పరీక్ష హాలులో ఫోను ఉండదు. నిండిన నోటుబుక్కును చూసి సంతోషించిన తల్లిదండ్రులకు ఆనాడు గానీ అసలు సంగతి తెలియదు. మరొకరు చేసిన పనిని తనదిగా చూపించడం నిజాయితీకి సంబంధించిన విషయం కూడా. ఆ మాటను మందలింపుగా కాక, ప్రేమగా పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పెద్దలదే.

తల్లులు, దాదీమాలు

చదువు పిల్లలకు మాత్రమే అనుకోవడం మనలో బలంగా నాటుకున్న పొరపాటు. పెద్దల చదువులో కంప్యూటరు చేసిన మేలుకు సాక్ష్యం మన తెలుగు నేలపైనే ఉంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు చెందిన ఎఫ్.సి. కోహ్లీ చొరవతో 2000 సంవత్సరంలో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడ గ్రామంలో కంప్యూటరు ద్వారా వయోజనులకు తెలుగు చదవడం నేర్పే తరగతి ప్రారంభమైంది. తెర మీద బొమ్మలు కదులుతూ ఒక పదాన్ని చూపి, దాన్ని అక్షరాలుగా విడగొట్టి, గొంతుతో పలికి వినిపిస్తాయి. వర్ణమాలతో మొదలుపెట్టకుండా తెలిసిన పదంతో మొదలుపెట్టడం, రాత జోలికి పోకుండా చదవడం మీదనే దృష్టి పెట్టడం ఆ పద్ధతి. మొత్తం బోధన సుమారు 40 గంటలు. కూలిపనులు ముగించుకొని వచ్చిన స్త్రీలు కొద్ది వారాల్లో దినపత్రిక శీర్షికలు కూడబలుక్కోగలిగే స్థాయికి చేరారు.

అక్కడ కంప్యూటరు ఒక్కటే లేదన్నది మరువరాదు. దాని పక్కన ఒక ప్రేరక్ ఉండేవారు. రమ్మని ఇంటికి వెళ్ళి పిలవడం, ‘ఈ వయసులో నాకెందుకు’ అన్న తల్లికి ధైర్యం చెప్పడం, నిన్న రాని ఆమె ఎందుకు రాలేదో కనుక్కోవడం ఆ మనిషి పని. పాఠాన్ని యంత్రం చెప్పింది, అభ్యాసకురాలిని యంత్రం ముందుకు తెచ్చి కూర్చోబెట్టింది మనిషి.

నికాహ్ కారణంగానో, ఇంటి పరిస్థితుల వల్లనో పదో తరగతిలోపే చదువు మానేసిన చెల్లెళ్ళు, కోడళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా వారు పదో తరగతీ, ఇంటర్మీడియటూ పూర్తిచేయవచ్చు. ఇంటి పని ముగిశాక ఫోనులో వీడియో పాఠాలు చూడడం, ఆపి మళ్ళీ వినడం వారికి ఎంతో అనువైనది. అయితే అభ్యాస కేంద్రంలో జరిగే తరగతులను వదులుకోవద్దని మా మనవి. సందేహం తీర్చే ఉపాధ్యాయుడూ, తనలాగే తిరిగి చదువుతున్న మరో స్త్రీ అక్కడ కనిపిస్తారు. ఆమెను పరీక్ష దాకా నడిపించేది ఆ తోడే.

వృద్ధుల సంగతి కూడా నిరాశాజనకం కాదు. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 2,832 మందితో జరిపిన ఒక పెద్ద అధ్యయనంలో, శిక్షకుని ఆధ్వర్యంలో పది విడతల శిక్షణ ఇచ్చారు. కొందరికి జ్ఞాపకశక్తిలో, కొందరికి తర్కంలో, కొందరికి కంప్యూటరు మీద చూపు చురుకుదనంలో. పదేళ్ళ తర్వాత పరిశీలిస్తే తర్కంలోనూ, చురుకుదనంలోనూ శిక్షణ ప్రభావం ఇంకా మిగిలే ఉంది. ఫోనులో ఖుర్ఆన్ పారాయణం వినడమెలాగో మనవడు నేర్పితే నేర్చుకునే దాదీమాను చూసి నవ్వకండి. నాలుగుసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పడం ఆ మనవడికీ ఒక శిక్షణే.

ఇంటి ముంగిట చేయగలిగినవి

డబ్బు చెల్లించే ముందు ప్రతి కుటుంబం కొన్ని విషయాలు విచారించుకోవాలి. మొదటిది, ఈ యాప్ గానీ ఈ మాస్టారు గానీ మన బిడ్డ ప్రస్తుతం ఎక్కడున్నాడో తెలుసుకొని అక్కడి నుంచి మొదలుపెడుతున్నారా? రెండవది, తప్పు చేసినప్పుడు ఏ మెట్టు దగ్గర తప్పాడో చూపుతున్నారా, లేక ‘తప్పు’ అని మాత్రం చెబుతున్నారా? మూడవది, ఇది ఉన్న మంచి బోధనకు తోడుగా వస్తోందా, దాని సమయాన్ని లాక్కుంటోందా? నాలుగవది, బిడ్డ మానేస్తే ఎందుకు మానేశాడని అడిగే మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ నాలుగింటికీ సరైన జవాబు దొరకకపోతే, వాయిదాల కాగితం మీద సంతకం చేయకపోవడమే మేలు.

మొహల్లా స్థాయిలోనూ చేయగల పని ఒకటుంది. డిగ్రీ చదువుతున్న, చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఒక గంట, పదిమంది చిన్న పిల్లలను కూర్చోబెట్టుకొని చదివించే ఒక ఆపా దొరికితే, బాల్‌సఖి ఫలితాలు మన గల్లీలోనూ కనిపిస్తాయి. మక్తబు గదిలో ఒకటి రెండు పాత కంప్యూటర్లు ఉంచి, పెద్ద పిల్లలు వంతులవారీగా లెక్కల సాధన చేసే ఏర్పాటు మసీదు కమిటీలకు భారమైనది కాదు. ఆ ఆపాకు నెలకింత అని గౌరవ వేతనం ఇవ్వడం సమాజం తన పిల్లల కోసం చేసే ఖర్చు.

చివరగా, చదువు రాని తల్లులతో ఒక మాట. ‘నాకే రాదు, బిడ్డకు ఏం చెప్పగలను’ అని మీరు అనుకోవచ్చు. ఉస్తాద్ ఎదుట బిడ్డ చేసే పని ఏమిటి? నేర్చినదాన్ని వినిపించడం. ఆ వినే స్థానంలో మీరు కూర్చోగలరు. ఇషా తర్వాత ఫోనులన్నీ పక్కన పెట్టించి, కూతురిని పిలిచి ‘ఇవాళ చేసిన లెక్క ఒకటి నాకు చెప్పు. ఇది ఎలా వచ్చింది, బేటీ?’ అని అడగండి. తనకు వచ్చినదైతే ఆమె మీకు అర్థమయ్యేలా చెప్పగలుగుతుంది. యంత్రం రాసిచ్చినదైతే రెండో మాటకే తడబడుతుంది. ఆ తడబాటు వినడానికి మీకు బీజగణితం రానక్కర్లేదు. మరునాడు ఆమె జవాబు కోసం ఫోను తీసే ముందు, రాత్రి అమ్మీ అడుగుతుందన్న సంగతి గుర్తుకొస్తుంది.

అల్లాహ్ మన ఇళ్ళను నేర్చేవారితోనూ, నేర్పేవారితోనూ, ఓపికగా వినేవారితోనూ నింపుగాక. ఆమీన్.